పంటినొప్పి: కారణములు, దంతవైద్యుని చూడవలసిన వేళ

తెలుగునందు "పంటి బిగువున ఓర్చుకొనుట" యను జాతీయము చిరకాలముగా వాడుకలో నున్నది. ఎంతటి కష్టము వచ్చినను పెదవి కదపక పండ్లు బిగించి భరించుట మనవారు మెచ్చుకొనిన గుణము. కాని కష్టము ఆ పంటికే వచ్చినప్పుడు ఈ ఓర్పు గుణము గాక దోషమగుచున్నది. జలుబు కొన్ని దినములలో తగ్గును. బెణికిన కాలు విశ్రాంతినిచ్చినచో కుదుటబడును. తెగిన చర్మము తనంతట తానే అతుకుకొనును. పుచ్చి గుంటపడిన పన్ను మాత్రము తనంతట తాను పూడదు. శరీరమునందలి పదార్థములన్నింటికంటె గట్టిది పంటిమీది పొరయే. పోయినచో తిరిగి పెరుగజాలనిదియు ఆ పొరయే. ఈ రెండు మాటలను కలిపి తలచుకొన్నచో పంటినొప్పిని గూర్చి తెలిసికొనవలసిన విషయములో సగము తెలిసినట్లే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదికను బట్టి లోకమున సుమారు 350 కోట్లమంది ఏదో యొక నోటివ్యాధికి లోనైయున్నారు. వారిలో ఇంచుమించు 200 కోట్లమందికి స్థిరదంతములలో పుచ్చు కలదు. ఇంత సామాన్యమైనది గనుకనే కాబోలు, ఈ వ్యాధిని చులకనగా జూచుట అన్ని దేశములందును అలవాటైనది.

ఈ సంపుటమును చదువు కుటుంబములు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములందును యానామునందును తరతరములుగా స్థిరపడినవి. వీరు బజారునందును, కచేరియందును, పాఠశాలయందును ఆ యా ప్రాంతముల భాషలను ఆ ప్రాంతీయులవలెనే మాటలాడుదురు. అయినను అర్ధరాత్రివేళ నొప్పి వచ్చినప్పుడు నోటవచ్చునది తఱచుగా తెలుగుమాటయే. పంటిపేరు చెప్పుట కష్టము కాదు. తమిళుల పల్, కన్నడిగుల హల్లు, మన పల్లు, పన్ను అనునవి యొకే మూలమునుండి పుట్టిన మాటలు. తమిళమున పల్ వలి, కన్నడమున హల్లు నోవు, ఒడియాలో దాంత బింధా, మరాఠీలో దాతదుఖీ అన్నచో వైద్యునకు విషయము తెలియును. కాని "పన్ను జివ్వుమనుచున్నది", "సలుపుచున్నది", "పోటు పెట్టుచున్నది" అనునప్పుడు మనము చెప్పు భేదములు ఆ ఒక్క మాటలో ఇమిడిపోవు. వైద్యునకు కావలసినవి సరిగా ఆ భేదములే. కావున ఈ వ్యాసమున ఆ మాటలనే దారిచూపు గుఱుతులుగా గైకొని, ఏ నొప్పి ఏ కారణమువలన కలుగునో, ఎప్పుడు వైద్యునొద్దకు పోవలెనో వివరింప యత్నించుచున్నాను.

పంటి నిర్మాణము

పంటికి ముఖ్యముగా మూడు అంతస్తులు కలవు. పైన తెల్లగా మెఱయు పొర పింగాణి. ఇందు బరువునుబట్టి నూటికి సుమారు 96 పాళ్ళు ఖనిజమే. దీనియందు జీవకణములు లేవు, నరములు లేవు. కావున దీనికి నొప్పియు తెలియదు, తన్ను తాను బాగుచేసికొను శక్తియు చాలదు. దాని క్రింద డెంటిన్ అను పసుపుపచ్చని పొర కలదు. ఇందు కంటికి కనబడని సన్నని గొట్టములు లెక్కకు మిక్కిలిగా లోపలివరకు పోవుచుండును. అన్నిటికిని లోపల దంతమజ్జ కలదు. రక్తనాళములును నరములును గల మెత్తని జీవపదార్థమిది. పంటిమూలము దవుడ యెముకలో నాటుకొనియుండును; ఎముకకును మూలమునకును నడుమ సన్నని నారలపొర మెత్తవలె నుండి నమలుటలోని ఒత్తిడిని ఓర్చుకొనును. మెడభాగమును చిగురు కప్పియుండును.

దంతమజ్జ గట్టిగోడల నడుమ బంధింపబడియున్నదన్న విషయము మఱవరాదు. చేతిపై దెబ్బ తగిలినచో వాచుటకు చోటు కలదు. మజ్జ వాచుటకు చోటు లేదు. వాపు కలిగినకొలది లోపలి ఒత్తిడి హెచ్చును. ఆ ఒత్తిడి నరమును నొక్కును. వరిగింజంతయు లేని ఆ చిన్నభాగము మనిషిని రాత్రియంతయు కూర్చుండబెట్టుటకు కారణమిదియే.

పుచ్చు పురుగువలన వచ్చునా?

పిప్పిపంటిలో పురుగు చేరినదనుట మన పల్లెలలో నేటికిని వినబడు మాట. ఈ నమ్మకము మనది మాత్రమే కాదు. ప్రాచీన బాబిలోనియావారి మట్టిపలకలలోను ఇది కలదు. సుశ్రుతసంహిత ముఖరోగములను చెప్పుచు నల్లని రంధ్రము, స్రావము, వాపు, తీవ్రమైన వేదన గల పంటిజబ్బునకు కృమిదంతమని పేరిడినది. చల్లదనమును తాకుడును సహింపలేని స్థితికి దంతహర్షమనియు, చిగుళ్ళనుండి రక్తము కారు వ్యాధికి శీతాదమనియు అందు పేర్లు కలవు. పేరు నేటికి సరిపడకున్నను లక్షణముల పరిశీలన మెచ్చదగినది.

ఫ్రాన్సుదేశమున పియర్ ఫోషార్ అను దంతవైద్యుడు 1728లో ప్రకటించిన గ్రంథమున, సూక్ష్మదర్శినితో వెదకినను పంటిలో పురుగు తనకు కనబడలేదని వ్రాసెను. 1890లో డబ్ల్యు. డి. మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు అసలు కారణమును వివరించెను. పంటిపై పేరుకొను పాచిలో సూక్ష్మజీవులు నివసించును. మనము తిను చక్కెరను, పిండిపదార్థమును అవి పులియబెట్టి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పింగాణిలోని ఖనిజమును కరిగించును. 1924లో లండనునందు క్లార్క్ అనునతడు పుచ్చుపండ్లనుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అను సూక్ష్మజీవిని వేఱుచేసి వర్ణించెను. పాచిలోని ఆమ్లత పి.హెచ్. 5.5 కంటె క్రిందికి దిగినప్పుడు పింగాణి కరుగ మొదలిడును. తీపి తినిన కొద్దినిమిషములకే ఈ స్థితి కలుగును. లాలాజలము దానిని సరిచేయుటకు అరగంటనుండి గంటవరకు పట్టును.

దీనినుండి తేలు సత్యమొకటి కలదు. ఎంత తీపి తింటిమన్నదానికంటె ఎన్నిమారులు తింటిమన్నది ముఖ్యము. భోజనముతో పాటు ఒక లడ్డును తినినవాని పంటికంటె, దినమంతయు గుక్కెడు గుక్కెడుగా చక్కెరకాఫీని చప్పరించువాని పంటికి ఎక్కువ కీడు. పాలసీసా నోట నుంచుకొనియే నిదురించు పసిపిల్లల పండ్లు ముందుగా పుచ్చుటకును ఇదియే హేతువు.

"జివ్వు"మను నొప్పి

చల్లనినీరు త్రాగినప్పుడు, ఐస్‌క్రీము కొఱికినప్పుడు, పులుపు తగిలినప్పుడు ఒక క్షణము జివ్వుమని, ఆ వస్తువు తొలగినంతనే ఆగిపోవు నొప్పి మొదటిరకము. పింగాణి అరిగియో, చిగురు క్రిందికి జారియో డెంటిన్ బయటపడినప్పుడు ఆ సన్నని గొట్టములలోని ద్రవము కదలి లోపలి నరమును తాకుటవలన ఇది కలుగును.

మనవారిలో దీనికి ముఖ్యకారణము పండ్లుతోము తీరు. ఇటుకపొడి, బొగ్గు, కచ్చిక, గరుకు పండ్లపొడి మొదలగువానితో బలముగా రుద్దుట, గట్టి బ్రష్షుతో అడ్డముగా రాచుట వలన చిగురు దగ్గర పన్ను గాడిపడును. వేపపుల్ల నమలి మెత్తని కుచ్చుగాజేసి మృదువుగా తోమినచో హాని లేదు. బలముగా రాచినచో ఏ పుల్లయైనను హానియే. పుచ్చు మొదటిదశలో నున్నప్పుడును ఇట్లే జివ్వుమనవచ్చును. ఈ దశలో నొప్పి స్వల్పము, వైద్యము సులభము, ఖర్చు తక్కువ. సిమెంటు పెట్టి గుంటను పూడ్చుటతో పని ముగియును. ఈ దశలోనే వైద్యునొద్దకు పోవువారు మిక్కిలి కొలది.

"సలుపు", "పోటు"

పుచ్చు మజ్జను సమీపించినప్పుడు నొప్పి స్వభావము మాఱును. వేడి తగిలినను నొప్పి పుట్టును. కాఫీగ్లాసు దించిన తరువాతను అది నిమిషములకొలది నిలుచును. ఏమియు తినకున్నను తనంతట తాను ప్రారంభమగును. పడుకొన్నప్పుడు తలకు రక్తము హెచ్చుగా ప్రసరించుటచే ఒత్తిడి పెరిగి, నాడి కొట్టుకొనినట్లు సలుపును. చెవికిని కణతకును పోటు ప్రాకును. పైదవుడయో క్రిందిదవుడయో కూడ రోగి చెప్పలేకపోవుట కలదు. ఇది రోగి తెలివితక్కువ కాదు, మజ్జలోని నరములు చోటును సరిగా తెలుపజాలవు.

ఈ రాత్రి సలుపు మజ్జ తిరిగి కోలుకొనలేని స్థితికి వచ్చినదనుటకు గుఱుతు. దీనికి రెండే మార్గములు. పన్నును నిలుపదలచినచో వేరులోని మజ్జను తీసి శుభ్రపఱచి నింపు రూట్ కెనాల్ చికిత్స. నిలుప వీలుగానిచో పన్ను తీయుట. మందులషాపులో కొన్న యాంటీబయాటిక్ మాత్రలు ఈ దశలోని వాపును నయముచేయజాలవు. మజ్జకు పోవు రక్తమే తగ్గినప్పుడు మందు అచ్చటికి చేరు దారి యేది?

నొప్పి ఆగుట నయమగుట కాదు

ఈ వ్యాసమంతటిలో పాఠకులు మఱవరాని భాగమిది. నాలుగైదు దినములు సలిపిన పన్ను ఒకనాడు హఠాత్తుగా శాంతించును. ఇంటివారు "మందు పనిచేసినది" అందురు. వైద్యునొద్దకు పోవు ప్రయాణము ఆగిపోవును. జరిగిన దేమన, లోపలి నరము చచ్చినది. నొప్పి తెలుపు దూత మరణించినాడే కాని శత్రువు పోలేదు. సూక్ష్మజీవులు చచ్చిన మజ్జనుండి వేరుకొనద్వారా ఎముకలోనికి దిగును. కొన్ని వారములకో నెలలకో అచ్చట చీము చేరును.

అప్పటి నొప్పి వేఱు విధముగా నుండును. పన్ను కొంచెము పైకి లేచినట్లు తోచును. పైపన్ను తగిలినంతనే ప్రాణము పోయినట్లగును. ఇప్పుడు రోగి ఆ పన్నును వ్రేలితో చూపగలడు. చిగురుపై చిన్న పొక్కు లేచి చీముకారి, నొప్పి తగ్గి, మఱల నిండుచుండవచ్చును. చెంప వాయవచ్చును, జ్వరము రావచ్చును. క్రిందిదవుడ దంతములలోని చీము కొన్ని సమయములందు నాలుక క్రిందికిని మెడలోనికిని వ్యాపించును. నాలుక పైకి నెట్టబడి ఊపిరాడని స్థితి ఏర్పడును. 1836లో జర్మనుదేశపు వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన ఈ వ్యాధి యాంటీబయాటిక్‌లు గల నేటికాలమునందును ప్రాణాంతకము కాగలదు. పన్నువలన ప్రాణము పోవునా అని నవ్వువారు ఈ సంగతి నెఱుగవలెను.

చిగుళ్ళు, జ్ఞానదంతము, పగులు

చిగుళ్ళవ్యాధి పెక్కుమారులు నొప్పి లేకయే వచ్చును. తోమునప్పుడు రక్తము కనబడుట దాని మొదటి హెచ్చరిక. రక్తము వచ్చుచున్నదని తోముట మానినచో పాచి పెరిగి వ్యాధి ముదురును. పాచి గట్టిపడి గారగా మాఱిన తరువాత బ్రష్షుతో పోదు, వైద్యుడే తొలగింపవలెను. గార తీయించుకొన్నచో పండ్లు వదులగునను భయము నిరాధారము. గారక్రింద ఎముక ముందే కరిగియుండుట వలననే పండ్లు కదలును. మధుమేహము గలవారికి చిగుళ్ళవ్యాధి తీవ్రమగును. చిగుళ్ళవ్యాధి ముదిరినచో రక్తములోని చక్కెర అదుపు తప్పును. ఈ రెంటికిని గల ఈ పరస్పర సంబంధము మధుమేహరోగులందఱును గుఱుతుంచుకొనదగినది.

జ్ఞానదంతము సామాన్యముగా 17 మొదలు 25 ఏండ్ల నడుమ వచ్చును. చోటు చాలనిచో ఏటవాలుగా వచ్చి సగము చిగురుక్రిందనే నిలిచిపోవును. ఆ చిగురుమడతలో అన్నపుమెతుకులు చేరి వాచినప్పుడు నోరు తెఱచుట కష్టమగును, మ్రింగుట నొప్పియగును. ఇది తఱచుగా విద్యార్థులకు పరీక్షలకాలమున వచ్చి బాధించును.

పన్ను పగిలినప్పుడు నొప్పి విచిత్రముగా నుండును. కొఱికినప్పటికంటె కొఱుకు విడిచినప్పుడు కత్తితో పొడిచినట్లు పోటు కలుగును. చెక్కలు, చెఱకు, వక్కలు బలముగా కొఱుకువారికిని, నిద్రలో పండ్లు కొఱుకువారికిని ఇట్లు జరుగవచ్చును. పగులు కంటికి కనబడకపోవచ్చును గాన, "విడిచినప్పుడు పోటు" అని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను.

పంటిది కాని పంటినొప్పి

పై దవుడలు వరుసగా నొచ్చి, వంగినప్పుడు బరువెక్కి, ముక్కు దిబ్బడతో గూడియున్నచో కారణము ముక్కుప్రక్కనున్న సైనస్ గదుల వాపు కావచ్చును. ముఖము కడుగుకొన్నను, గాలి సోకినను విద్యుత్తు తగిలినట్లు క్షణకాలము మెఱసిపోవు తీవ్రవేదన ముఖమునకు స్పర్శనిచ్చు నరమునకు సంబంధించినది. ఇట్టివారు అనవసరముగా ఒక్కొక్క పన్నును తీయించుకొని బాధపడుట కలదు. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో క్రిందిదవుడలో, విశేషముగా ఎడమవైపున, నొప్పి పుట్టి చెమటయు ఆయాసమును ఛాతిలో బరువును తోడైనచో అది గుండెనొప్పి కావచ్చును. అప్పుడు దంతవైద్యుని వెదకక వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను.

మన ప్రాంతములందలి కొన్ని అలవాట్లు

ఒడిశాలో గుడాకు, మహారాష్ట్రమున మిశ్రీ అను పదార్థములతో పండ్లు తోము వాడుక కలదు. మొదటిది పొగాకును బెల్లపుమడ్డిని కలిపి చేసిన ముద్ద. రెండవది కాల్చిన పొగాకు పొడి. ఆ ప్రాంతములలో స్థిరపడిన మనవారిలోను, విశేషముగా స్త్రీలలో, ఈ అలవాటు కనబడును. పంటినొప్పి తగ్గునని మొదలిడి, విడువలేని వ్యసనముగా మాఱుట దీని స్వభావము. పొగాకు నొప్పిని మఱపించునే గాని వ్యాధిని తగ్గింపదు. చిగుళ్ళను చెఱచును, నోటిపుండునకును కాన్సరునకును దారితీయును.

శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరమునందును, దానిని అంటియున్న ఒడిశాలోని గంజాము ప్రాంతమునందును చుట్టనిప్పును నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డపొగ కలదు. ఆంధ్రప్రదేశమున 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధన ఈ అలవాటుగలవారి అంగిలిపై కలుగు మార్పులను వివరించినది. అంగిలి కాన్సరునకు ఈ అలవాటు ముఖ్యకారణము. ఇట్టివారు నొప్పి యున్నను లేకున్నను ఏటేట నోరు చూపించుకొనవలెను.

మఱియొకటి ఫ్లోరైడు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరుజిల్లాలో త్రాగునీటి ఫ్లోరైడువలన కలుగు వ్యాధిని లోకమునకు తెలిపిరి. నల్లగొండప్రాంతమును ఈ వ్యాధివలన చిరకాలము బాధపడినది. నీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటిని బాల్యమున త్రాగినవారి పండ్లపై గోధుమరంగు చారలు ఏర్పడును. ఆ రంగు రుద్దినచో పోదు. ఇటుకపొడితో రుద్ది పింగాణిని పోగొట్టుకొనుట లేని నొప్పిని కొనితెచ్చుకొనుటయే. ఫ్లోరైడు త్రాగునీటిలో మితిమీరినచో కీడుచేయును. టూత్‌పేస్టులో తగుమాత్రముగా పంటిపై సోకినచో పుచ్చును అడ్డగించును. ఈ రెండును పరస్పర విరుద్ధములు కావు.

ఇంటియందు చేయదగినవి, చేయరానివి

వైద్యునొద్దకు చేరులోపల నొప్పి తగ్గించుకొనుట తప్పుగాదు. ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలించుట మంచిది. పండ్లసందున ఇఱుకుకొన్న పదార్థమును దారముతో మెల్లగా తీయవలెను. వాచిన చెంపపై బయటినుండి చల్లని గుడ్డ నుంచవచ్చును. తల ఎత్తుగా పెట్టుకొని పడుకొనవలెను. పెద్దలు పారాసిటమాల్ మాత్రను పొట్లముపై వ్రాసిన మోతాదు మించక వేసికొనవచ్చును. కాలేయవ్యాధి గలవారు, మద్యము సేవించువారు వైద్యుని అడుగవలెను. లవంగనూనెలోని యూజినాల్ నొప్పిని కొంతసేపు మొద్దుబారజేయును. ఒకటి రెండు చుక్కలు దూదిపై నుంచి పంటిగుంటకు మాత్రమే తాకింపవలెను, చిగురుపై బోసినచో పొక్కును.

యాస్పిరిన్ మాత్రను చిగురుపై నుంచుకొనుట తగదు. అది చర్మమును కాల్చును. పిల్లలకు యాస్పిరిన్ ఈయనే రాదు. వాచిన చెంపకు వేడి కాపడము పెట్టరాదు. గుండుసూదితో చీముపొక్కును పొడువరాదు. వాకుడుగింజల పొగ పట్టుట, గుంటలో పొగాకు, సున్నము కుక్కుట మానవలెను. మిగిలిపోయిన పాత యాంటీబయాటిక్‌లను మ్రింగరాదు.

ఎప్పుడు వైద్యుని చూడవలెను?

ఈ క్రింది స్థితులలో ఒక్క గడియయు ఆలసింపక, రాత్రియైనను, ఆసుపత్రికి పోవలెను: ఊపిరాడకుండుట లేక మ్రింగలేకుండుట, నాలుక క్రింద గాని మెడలో గాని వాపు, కంటివరకు ప్రాకిన వాపు, నోరు తెఱువరాకుండుట, వాపుతోగూడిన తీవ్రజ్వరము, పన్ను తీసిన తరువాత దూది గట్టిగా కొఱికిపట్టినను ఆగని రక్తము, దవుడపై బలమైన దెబ్బ.

దెబ్బతగిలి స్థిరదంతము ఊడిపడినప్పుడు కాలమే వైద్యము. పన్నును తెల్లని పైభాగమునందే పట్టుకొనవలెను, వేరును రుద్దరాదు. మట్టి యంటినచో పాలతో గాని శుభ్రమైన నీటితో గాని క్షణకాలము కడిగి, వీలైనచో ఆ గుంటలోనే నిలుపవలెను. లేనిచో పాలలో నుంచి అరగంటలో, తప్పినచో గంటలోపుగా దంతవైద్యునొద్దకు చేర్పవలెను. పాలపన్నును మాత్రము తిరిగి నాటరు.

రాత్రి నిద్ర చెఱచు సలుపు, కొఱికినప్పుడు నొప్పి, చిగురుపై చీముపొక్కు, విఱిగిన పన్ను, పన్ను తీసిన రెండు మూడు దినములకు హెచ్చు నొప్పి, ఇవి యున్నచో ఒకటి రెండు దినములలో చూపించుకొనవలెను. చల్లదనమునకు జివ్వుమనుట, చిగుళ్ళనుండి రక్తము, నోటి దుర్వాసన, కదలు పన్ను ఉన్నచో ఒకటి రెండు వారములలో పోవలెను. రెండువారములకు మానని నోటిపుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, వీనిని నొప్పి లేకున్నను తప్పక చూపవలెను.

గర్భిణులు పంటివైద్యమును ప్రసవమువరకు వాయిదావేయ నక్కఱలేదు. నాలుగవ నెలనుండి ఆఱవ నెలవరకు మిక్కిలి అనుకూలము. రక్తము పలుచనగుటకు మందులు వాడువారు వానిని తమంతట మానక వైద్యునకు తెలుపవలెను. పిల్లల విషయమున ఒక హెచ్చరిక: ఆఱవయేట ఏ పాలపన్నును ఊడకయే అన్నిటికిని వెనుకగా ఒక పెద్దదవుడపన్ను వచ్చును. తల్లిదండ్రులు దానిని పాలపన్నని తలచి అశ్రద్ధచేయుదురు. అది జీవితాంతము ఉండవలసిన స్థిరదంతము.

వైద్యునొద్ద

నొప్పి భయముచే నొప్పిని దాచుకొనుట వింతయైనను సత్యము. 1943లో స్వీడనునందు లిగ్నొకైన్ అను మొద్దుబార్చు మందు కనుగొనబడినప్పటినుండి పంటివైద్యము పూర్వపువలె బాధాకరము కాదు. వైద్యుడు ముందుగా ప్రశ్నించును, పన్నును తట్టిచూచును, ఎక్స్‌రే తీయును. అప్పుడు నాలుగుమాటలు సిద్ధముగా నుండవలెను: నొప్పి ఎన్నాళ్ళనుండి, చల్లనికా, వేడికా, కొఱికినప్పుడా, ఎంతసేపు నిలుచును, రాత్రి నిద్ర చెడునా. ఈ నాలుగింటిని ఆ ప్రాంతపు భాషలో చెప్పుట నేర్చుకొన్నచో మన జివ్వును, సలుపును, పోటును వైద్యునకు అందజేసినట్లే. ఇంటిలోని వృద్ధులకు ఆ భాష చాలనప్పుడు పిల్లలలో నొకరు వెంటబోయి "నొప్పి" అని తేల్చివేయక వారి మాటలను యథాతథముగా వివరింపవలెను.

వీధిప్రక్కన పండ్లు కట్టువారిని ఆశ్రయింపరాదు. 1948లో భారతదేశమున దంతవైద్యుల చట్టము ఏర్పడినది. దాని స్థానమున జాతీయ దంతవైద్య కమిషనును నెలకొల్పు చట్టమును 2023లో పార్లమెంటు ఆమోదించినది. పట్టము పొంది రాష్ట్రపు పట్టికలో పేరు నమోదైనవారే వైద్యము చేయుటకు అర్హులు. ఖర్చునకు వెఱచువారికి ప్రభుత్వ దంతకళాశాలలు గొప్ప ఆధారము. ముంబయిలో 1933లో స్థాపితమైన నాయర్ ఆసుపత్రి దంతకళాశాల, చెన్నైలో 1953లో ప్రారంభమైన ప్రభుత్వ దంతకళాశాల, బెంగళూరులో 1958లో వెలసిన ప్రభుత్వ దంతకళాశాల, కటకములోని శ్రీరామచంద్రభంజ దంతకళాశాల ఇట్టివి. పుదుచ్చేరిలోను ప్రభుత్వ దంతవైద్య విద్యాసంస్థ కలదు. యానామువారికి కాకినాడ చేరువ.

ఉపసంహారము

ఫ్లోరైడుగల టూత్‌పేస్టుతో మెత్తని బ్రష్షుతో దినమునకు రెండుమారులు, ముఖ్యముగా నిద్రకు ముందు, తోముట, తీపిని భోజనవేళలకే పరిమితము చేయుట, పొగాకును విడుచుట, ఏటికొకమారైనను నోరు చూపించుకొనుట, ఇంతకుమించిన రక్షణ లేదు. మన పెద్దలు చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటను గూర్చి చెప్పిన సామెత పంటి విషయమున అక్షరాల వర్తించును. జివ్వుమన్ననాడు పోయినవానికి సిమెంటుతో తీరును. సలిపిననాడు పోయినవానికి వేరువైద్యము కావలెను. సలుపు ఆగినదని సంతోషించి ఇంట కూర్చున్నవానికి పన్నే దక్కకపోవచ్చును. పంటి బిగువు కష్టముల యెడ చూపదగినదే గాని పంటినొప్పియెడ చూపదగినది కాదు.